సూదమ్మ నడక

సూదమ్మకి కుళ్ళు పుట్టింది ఆ పిల్ల అందం చూసి కాదు. అందం మాట వదిలెయ్యండి, టీవీలో కనిపించేవాళ్ళు అందంగానే ఉంటారు, అందుకేగా వాళ్ళని అక్కడ పెట్టింది. సూదమ్మకి కుళ్ళు పుట్టింది ఆ పిల్ల కాళ్ళ మీద. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఆ కాళ్ళని పొద్దస్తమానం తన మొగుడు చూస్తున్నాడని.

సూదమ్మకి వేరే పేరుంది. అది ప్రెస్సు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. ప్రెస్సు మేడ మీద బైండింగు గదిలో, కిటికీ పక్క బల్ల ఆమెది. అచ్చయి వచ్చిన ఫారాలు మడతపెట్టి, నున్నటి చెక్కబద్దతో మడత మీద గీసి, వరస తప్పకుండా పేర్చి, మైనం రాసిన దారంతో వెన్ను కుడుతుంది. ఆమె కుట్టిన పుస్తకం చిరిగిపోతుందేమో గానీ ఊడిపోదు. చేతిలో ఒక సూది, నోట్లో ఒక సూది అని మేనేజరు ఒకసారి అన్నాడు. అప్పటి నుంచీ సూదమ్మే. ఆ మాటన్న మేనేజరుకి రెండో సూది ఎంత లోతు దిగుతుందో ఆ వారంలోనే తెలిసొచ్చిందనుకోండి, అది వేరే సంగతి.

ఆ ఊళ్ళో ఒకే దేవుణ్ణి కొలిచేవాళ్ళు రెండు జట్లు. ఒక జట్టు నిలబడి ప్రార్థిస్తారు, రెండో జట్టు కూర్చుని ప్రార్థిస్తారు. తాతల నాడు ఎవరు కాళ్ళు లాగి కూర్చున్నారో, ఎవరు పౌరుషానికి నిలబడే ఉండిపోయారో ఇప్పుడు చెప్పగలవాళ్ళు లేరు. అయినా ఆ తేడా మీద పెళ్ళిళ్ళు తప్పిపోయాయి, వీధులు విడిపోయాయి, ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న ఇళ్ళ మధ్య మాటలు లేకుండా పోయాయి. రెండు జట్ల ప్రార్థన పుస్తకాలూ సూదమ్మ ప్రెస్సులోనే తయారవుతాయి. నిలుచునేవాళ్ళకి నల్ల అట్ట, కూర్చునేవాళ్ళకి ఎర్ర అట్ట. లోపల ఒక్క అక్షరం తేడా లేదు. ఒకే గుట్టలోంచి ఫారాలు తీసి రెంటినీ కుట్టేది తనే కాబట్టి ఈ సంగతి సూదమ్మకి తెలిసినంత బాగా రెండు జట్ల పెద్దలకీ తెలియదు.

సూదమ్మ నిలుచునేవాళ్ళ పిల్ల. మామూలు పిల్ల కూడా కాదు. వాళ్ళ ప్రార్థనశాల తాళాలు ఆమె తల్లి నడుముకి వేలాడుతుండేవి. తండ్రి చిన్నప్పుడే పోతే, పెద్దలు ఆ తాళాలు తల్లికిచ్చి, శాల మేడ మీద రెండు గదులు చూపించారు. ఆ మెట్ల మీదే తొమ్మిదేళ్ళ వయసులో సూదమ్మ జారిపడి ఎడమ చీలమండ విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గానీ నడక మారిపోయింది. కుడికాలు గట్టిగా పడుతుంది, ఎడమది అరక్షణం ఆలస్యంగా, నేలకి కాస్త రాసుకుంటూ వస్తుంది. మెట్లయితే చివరి మెట్టు మీద రెండు పాదాలూ కలిపి ఆగి, అప్పుడు గానీ కదలదు. తల్లి పొయ్యి దగ్గరి నుంచి తల తిప్పకుండానే, వచ్చావటే అనేది.

ఇక ఆ మొగుడు కూర్చునేవాళ్ళ అబ్బాయి. ఒకరోజు ప్రెస్సుకి వచ్చి, ఇల్లు తగలబడే చప్పుడు చెయ్యాలి, బస్తాడు చిత్తుకాగితం ఇప్పిస్తారా అని అడిగాడు. సూదమ్మ పగలబడి నవ్వింది. అతను చిన్నబుచ్చుకోకుండా గుప్పెడు కాగితం తీసుకుని ఆమె చెవి దగ్గర మెల్లగా నలిపాడు. నిజంగానే మంట చప్పుడు. ఆ మంట ఎవరికి అంటుకుందో వేరే చెప్పాలా. ఏడాది తిరిగేసరికి సూదమ్మ కాళ్ళకి తోలు చెప్పులు, చేతిలో ఒక సంచి, అంతే పట్టుకుని ఇల్లు దాటింది. తల్లి అరవలేదు, తిట్టలేదు. అరిస్తే బాగుండేది. "ఇక ఈ మెట్ల మీద నీ అడుగు నాకు వినబడకూడదు" అని ఒక్క మాట అని వంటగదిలోకి వెళ్ళిపోయింది.

రెండో ఏడు సూదమ్మ ఉండబట్టలేక ఒక మధ్యాహ్నం అక్కడికి వెళ్ళింది. గంటలో తిరిగొచ్చింది. తలుపు తియ్యలేదు అని మొగుడితో చెప్పి, మొహం కడుక్కుని, అన్నం వార్చింది. అప్పటి నుంచి తల్లి మాట ఎవరెత్తినా అదే చెబుతుంది. మా అమ్మ తలుపు తియ్యలేదు. ఇల్లు దాటి మొత్తం పదకొండేళ్ళు. పిల్లలు కలగలేదు. అంటే సూదమ్మ లోకంలో ఉన్నది ఒక్క మొగుడు. అమ్మని ఇచ్చి కొనుక్కున్న మొగుడు. ఆ ఒక్కడూ చేజారితే చూపించుకోవడానికి ఇక ఏమీ ఉండదు. ఇది గుర్తుపెట్టుకుంటే ఆమె పడ్డ మంట మీకు అర్థమవుతుంది.

మొగుణ్ణి ఊరంతా చెప్పుల మాస్టారంటారు. సీరియళ్ళు తీసేటప్పుడు మాటలు తీసుకుంటారు గానీ, ఆ గోలలో నడక చప్పుళ్ళు సరిగ్గా పడవు. అందుకని తర్వాత స్టూడియోలో ఒకడు తెర చూస్తూ, తెర మీది మనిషితో పాటు అడుగు వేసి, ఆ చప్పుడు రికార్డు చేయించాలి. ఆ ఒకడు ఈయనే. పోలీసు పరిగెత్తినా, తాత కర్ర పట్టుకు వచ్చినా, పెళ్ళికూతురు సిగ్గుపడుతూ నడిచినా ఆ కాళ్ళన్నీ ఈయనవే. ఈయన పని మెచ్చుకున్న ప్రేక్షకుడు ఇంతవరకూ లేడు, తెలిస్తే కదా మెచ్చుకోవడానికి.

నాలుగు నెలల కిందట ఏడున్నర సీరియల్ మొదలైంది. దానికి పేరుంది గానీ అందరూ ఏడున్నర సీరియల్ అనే అంటారు. రెండు జట్ల మధ్య ప్రేమ. రాసినవాడు తెలివైనవాడు, నిలబడటం కూర్చోవడం తీసేసి, దీపం ముందు వెలిగించేవాళ్ళు, పాట ముందు పాడేవాళ్ళు అని మార్చాడు. ఎవరు ఎవరో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆ పిల్ల దీపం వాళ్ళది, అబ్బాయి పాట వాళ్ళవాడు. పిల్ల ఇల్లు విడిచి వెళుతుంది. తల్లి గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఏడున్నరయితే రెండు వీధుల్లోనూ చప్పుడుండదు. అవతలి జట్టుకి బుద్ధి వచ్చేట్టు తీశాడని ఇటువాళ్ళూ అటువాళ్ళూ కూడా మురిసిపోయేవారు. ప్రార్థనకి నిలుచునేవాళ్ళు సీరియల్ మాత్రం కూర్చునే చూసేవారు.

అదిగో, అప్పటి నుంచీ మాస్టారికి ఆ పిల్లే లోకమైపోయింది. అన్నం కలుపుతూ, ఇవాళ ఆ పిల్ల వరండాలో తడికాళ్ళతో నడిచింది, ఎంతసేపు పట్టిందో తెలుసా అనేవాడు. పక్క సర్దుతుంటే, రేపు పరుగుంది, చూడాలి అనేవాడు. మొదట్లో సూదమ్మ ఊఁ కొట్టింది. తర్వాత ఊఁ మానేసింది. ఆయనకి ఆ తేడా కూడా తెలియలేదు. చీమ నడిచినా చెవినపడే మనిషి, పెళ్ళాం ఊఁ కొట్టడం ఆపేస్తే వినలేదు. ఒళ్ళు మండదా మరి?

ప్రెస్సులో పక్క బల్ల మీద అట్టలు అతికించే ఆవిడ ఉంది, అట్టలక్క అంటారు. మంచి మనిషే. కాకపోతే నిప్పు కనిపిస్తే విసనకర్ర తీయకుండా ఉండలేదు. జిగురు కలుపుతూ, ఊళ్ళో మగాళ్ళంతా దాని మొహం చూస్తారు, మీ ఆయన కాళ్ళు చూస్తాడు, అదృష్టం చూడు అంది. అక్కడితో ఆగలేదు. "అసలా పిల్ల వస్తుంటే చూడక్కర్లేదే సూదమ్మా. అడుగు వింటే చాలు, ఎందుకో ఏడుపొచ్చేస్తుంది" అంది. సూదమ్మ ఆ పూట ఎర్ర అట్ట పుస్తకాల్లో ఒక ఫారాన్ని తలకిందులుగా కుట్టింది. పదిహేనేళ్ళ నౌకరీలో అది మొదటిసారి.

ఆ సాయంత్రం నుంచి సీరియల్ చూడటం మొదలుపెట్టింది. కథ కోసం కాదు. రెప్ప వెయ్యకుండా ఆ పిల్ల పాదాలే చూసేది. తెల్లగా, సన్నగా, చక్కగా ఉన్నాయి. తన పాదాలు చూసుకుంది. జిగురు మరకలు, పగిలిన మడమలు, పక్కకి వంగిన ఎడమ చీలమండ. కడుపు రగులుతున్నప్పుడు చెవులు పనిచెయ్యవు కాబోలు, వినాల్సింది మాత్రం ఒక్కరోజూ వినలేదు.

ఒక పొద్దున ఆయన చొక్కా ఉతకబోతూ జేబు తడిమితే చిన్న నోట్‌బుక్ దొరికింది. పెన్సిలుతో ముక్కలు ముక్కలుగా రాసి ఉంది. "ఆమె. మెట్లు. మెల్లగా." కింద, "చివరి మెట్టు. ఆగాలి." ఇంకో పేజీలో, "తడి పాదాలు. చాలా బాగుంది. మళ్ళీ వినాలి." సూదమ్మ బకెట్టు పక్కన అలాగే కూలబడింది. వెనక పేజీలో, "ఆ చెప్పులతోనే. వేరేవి వద్దు." అన్నిటికన్నా కింద, కాస్త వంకరగా, "ఆమెలా ఎవరూ నడవరు."

ఆ చెప్పులంటే ఏ చెప్పులు? సూదమ్మకి ఏం తోచిందో, లేచి మంచం కిందున్న ట్రంకుపెట్టె లాగింది. అడుగున పాత చీర మడతలో తోలు చెప్పుల జత ఉండాలి. అమ్మ ఇంటి నుంచి తొడుక్కుని వచ్చిన జత. పట్టీ తెగినా పారెయ్యలేదు. పుట్టింటి నుంచి తెచ్చుకున్నవాటిలో మిగిలినవి అవే. చీర మడత అలాగే ఉంది, చెప్పులు లేవు.

ఎవరికిచ్చాడు? ఇంకెవరికి. ఆ తెల్లటి పాదాలకి తన చెప్పులు తొడిగి, ఎదురుగా కూర్చుని నడిపించుకుంటున్నాడు. సూదమ్మకి కళ్ళ ముందు బొమ్మ కట్టింది. దానికి అన్నీ ఉన్నాయే, ఊరంతా చూసే మొహం ఉంది, రోజుకో చీర ఉంది, నాకున్నదే ఒక మొగుడు, ఒక జత చెప్పులు, ఆ రెండూ దానికే కావాల్సి వచ్చాయా అని గోడకేసి అడిగింది. తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది, దానితో ఏడుపు కూడా ఆగిపోయింది. ఈ సంగతి అమ్మ చెవిన పడితే ఏమనుకుంటుంది? పదకొండేళ్ళ ఆవిడ పంతమే నెగ్గినట్టవుతుంది. ఆ ఒక్కటి మాత్రం భరించలేను అనుకుంది.

మధ్యాహ్నం పూటకి సెలవడిగి స్టూడియోకి వెళ్ళింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అటు తొంగి చూడలేదు. పాత ఇల్లొకటి స్టూడియో చేశారు. వెనక గదికి గోడల నిండా పరుపులు బిగించి ఉన్నాయి. నేల గళ్ళు గళ్ళుగా ఉంది. ఒక గడిలో నాపరాయి, ఒక గడిలో చెక్క, ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో గులకరాళ్ళు. పక్కన రెండే రెండు మెట్లున్న చెక్కపెట్టె. బీరువా అరల్లో చెప్పులు, బూట్లు, ఒక్కోదానికి చీటీ. పోలీసు. తాత. పెళ్ళికూతురు. అద్దం వెనక రికార్డిస్టు కూర్చుని ఉన్నాడు. గదిలో ఆడమనిషి జాడ లేదు.

మాస్టారు ఒక్కడే నిలబడి ఉన్నాడు. పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని, కాళ్ళకి సూదమ్మ చెప్పులు తొడుక్కుని. పాదాలు పెద్దవి, మడమలు వెనక్కి వేళ్ళాడుతున్నాయి. తెగిన పట్టీకి దారంతో కుట్లున్నాయి, ఆ కుట్లు చూస్తే బైండింగు ఆమె మొగుడినని చెప్పుకోవడానికి సిగ్గుపడాలి.

"ఆ చెప్పులు ఎవరివి?" అంది సూదమ్మ.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నీవే."

"నన్నడిగారా?"

"అడిగితే ఇవ్వవుగా."

సూదమ్మకి మర్యాద జారిపోయింది. "ఇవ్వనని తెలిసీ పట్టుకొచ్చి దానికి తొడిగావా?"

"దానికెక్కడ తొడిగాను? నేనే తొడుక్కున్నాను" అన్నాడాయన, ఎంతో అమాయకంగా. అద్దం వెనక రికార్డిస్టుకి నవ్వొచ్చింది. సూదమ్మ అటు ఒక్క చూపు చూసేసరికి అతను బటన్లు తుడవటం మొదలెట్టాడు.

ఆమె నోట్‌బుక్ తీసి ఆయన మొహం మీదకి విసిరింది. ఆయన వంగి తీసుకుని, పేజీ చూసి, ఆమె వైపు చూశాడు. తర్వాత రికార్డిస్టుని మొన్నటి మెట్ల సీను ఒకసారి వెయ్యమన్నాడు. "బొమ్మ వద్దు. చప్పుడు చాలు" అన్నాడు.

గదిలో దీపం తీశారు. చీకట్లో ఎవరో మెట్లు దిగుతున్నారు. కుడికాలు గట్టిగా. ఎడమది ఆలస్యంగా, రాసుకుంటూ. చివరి మెట్టు మీద రెండూ కలిసి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ.

"ఎవరి నడక ఇది?" అంది సూదమ్మ, గొంతు తగ్గిపోయి.

"పదకొండేళ్ళుగా మన ఇంటి మెట్ల మీద నేను వింటున్నదే. నడిచేదానివి నువ్వు, నీకెలా తెలుస్తుంది" అన్నాడు. ఆ పిల్ల కాళ్ళు తెర మీద కనబడే చోట ఆ పిల్లలాగే నడవాలట. మొహం ఒక్కటే కనబడే చోట ఎలా నడిచినా అడిగేవాళ్ళు లేరట. అలాంటి చోటల్లా సూదమ్మ నడకే వేశాడట. ఇల్లు వదిలి వచ్చిన మనిషి ఎలా నడుస్తుందో నాకు తెలిసింది ఒక్కటే కదా అన్నాడు.

ఇంకొకతె అయితే అక్కడే కరిగిపోయి కళ్ళు తుడుచుకునేది. సూదమ్మ కరగలేదు. మొగుడు దక్కాడన్న నిమ్మళం ఒక గుక్కెడు దిగిందో లేదో, రెండో మంట అంటుకుంది. అంటే అట్టలక్క ఏడ్చింది తన అడుగు విని. ఊరంతా జాలిపడింది తన కాలు మీద. పేరు మాత్రం ఆ పిల్లకి. చీలమండ విరిగింది నాది, అమ్మని వదులుకున్నది నేను, దండలు దానికా? ఆ మాటే పైకి అనేసింది కూడా. మాస్టారు తలొంచుకున్నాడు. అది తను ఆలోచించలేదని ఒప్పుకున్నాడు.

తెర మీద ఆగిపోయి ఉన్న బొమ్మ సూదమ్మ కంట పడింది. అది ఏం సీనని అడిగింది. ఆ పిల్ల పుట్టింటికి తిరిగి వచ్చే సీను, పొద్దున్నుంచీ కుదరక చస్తున్నామని రికార్డిస్టు చెప్పి, వేసి చూపించాడు. పిల్ల కనబడదు. తెర మీద తల్లి ఒక్కతే. వంటగదిలో కూర తరుగుతుంటుంది. మెట్ల మీద అడుగులు వినబడాలి. కత్తి ఆగుతుంది. అడుగులు దగ్గరవుతాయి, మూడుసార్లు తలుపు తట్టిన చప్పుడు. తల్లి లేస్తుంది. తలుపు తీస్తుంది. ఆవిడ మొహం మీద వెలుగు పడుతుంది.

తలుపు తీసింది. ఎవడో రాసిన తల్లి, ఎవరో ఏడవమంటే ఏడ్చే తల్లి, తలుపు తీసింది. ఇంతవరకూ సూదమ్మ పడిందంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మొగుడు, చెప్పులు, నడక, అన్నీ తీసుకో తల్లీ, ఇది మాత్రం నాకియ్యి అని ఆ లేని పిల్లని అడగాలనిపించింది. గోడ పట్టుకుని నిలబడింది.

"నాకు రావట్లేదు" అన్నాడు మాస్టారు. "నువ్వు మనింటి మెట్లెక్కడం విన్నాను, దిగడం విన్నాను. మీ అమ్మ ఇంటి మెట్లు ఎలా ఎక్కుతావో ఎప్పుడు విన్నాను?"

సూదమ్మ వంగి ఆయన కాళ్ళ నుంచి చెప్పులు లాగేసింది. తొడుక్కుంది. సరిగ్గా సరిపోయాయి, సరిపోక ఏం చేస్తాయి. చెక్కపెట్టె మెట్ల ముందు నిలబడింది. రెండే మెట్లు, ఎక్కి దిగి, ఎక్కి దిగి, పద్నాలుగు మెట్లలాగా వినిపించాలని ఆయన నేర్పాడు. చివర నాలుగడుగులు రాతి మీద, ఆపైన ఈ చెక్క మీద మూడుసార్లు తట్టాలని చెప్పాడు.

దీపం తీశారు. తెర మీద తల్లి కత్తి పట్టుకుంది. సూదమ్మ ఎక్కడం మొదలుపెట్టింది. అయిదారు మెట్లు గుర్తుపెట్టుకుని ఎక్కింది, తర్వాత గుర్తు పెట్టుకోలేదు. రెండో ఏటి ఆ మధ్యాహ్నం కాళ్ళలోకి దానంతటదే వచ్చేసింది. చివరి మెట్టు మీద పాదాలు కలిశాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు. చెయ్యి లేచింది. చెక్క దాకా వెళ్ళింది. తట్టలేదు. గాల్లో అలాగే నిలిచిపోయింది. ఎడమకాలు మెల్లగా, రాసుకుంటూ, అరడుగు వెనక్కి వచ్చింది.

తెర మీద తల్లి లేచి తలుపు తీసింది, తట్టకుండానే.

రికార్డిస్టు దీపం వేశాడు. తర్వాత, ఇంకోసారి తీసుకోను, ఇదే ఉంచుతాను, తట్టడం తీసేద్దాం అన్నాడు.

ఇంటికి నడిచి వచ్చారు. దారిలో ఆయన తన నడక తగ్గించి ఆమె అడుగుకి సరిపెట్టుకున్నాడు. సగం దారిలో సూదమ్మ అంది, "ఆ రోజు నేను తట్టలేదండీ."

ఆయన నడక ఇంకాస్త తగ్గించాడు.

"అమ్మ తలుపు తియ్యలేదని ఇన్నేళ్ళూ ఊరంతా చెప్పుకొచ్చాను. తడితే తియ్యదేమోనని భయమేసింది. తట్టకుండా వచ్చేశాను. ఏమీ అనరేం?"

"ఏమనను. విన్నాను కదా" అన్నాడు.

ఆ సీను పై వారం వచ్చింది. అట్టలక్క ఇంట్లో పదిమంది కూర్చుని చూశారు. అడుగులు వచ్చి గుమ్మం ముందు ఆగి, ఆ ఎడమకాలు వెనక్కి జరిగినప్పుడు గదిలో ముక్కులు చీదే చప్పుడు తప్ప ఇంకేం లేదు. అట్టలక్క కొంగుతో కళ్ళు ఒత్తుకుని, "ఏం నటించిందే ఆ పిల్ల" అంది. సూదమ్మ పళ్ళు బిగబట్టింది. ఆ పిల్ల ఆ సీన్లో లేనే లేదక్కా అనాలని నోటి దాకా వచ్చింది. మింగేసి, మంచినీళ్ళు తాగి వచ్చేసింది.

మూడో రోజు సెలవు. పొద్దున పదయింది. సూదమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మాస్టారు కుర్చీలో కూర్చుని చెప్పుల పట్టీ ఊడదీస్తున్నాడు. ఆ కుట్లు చూడలేకపోతున్నాను, ఇంటికి పట్టుకురండి, నేను కుడతాను అని ఆమే అంది. కింద మెట్ల మీద చప్పుడైంది. ఆయన తలెత్తి, అలవాటు కొద్దీ చెవి ఒగ్గాడు.

"ఎవరో పెద్దావిడ" అన్నాడు. "కుడి మోకాలు నొప్పి. ప్రతి మెట్టుకీ గోడ పట్టుకుంటోంది." ఇంకాసేపు విన్నాడు. "నడుముకి తాళాల గుత్తి ఉంది."

సూదమ్మ చేతిలో చేట ఒరిగిపోయింది. బియ్యం నేల మీద పరుచుకున్నాయి.

అడుగులు పైకి వచ్చాయి. గుమ్మం ముందు ఆగాయి. ఆయాసపడే ఊపిరి వినబడుతోంది. తాళాలు ఒకసారి కదిలి ఊరుకున్నాయి. ఎవరూ తట్టలేదు. సూదమ్మ మొగుడి వంక చూసింది. ఆయన వెళ్ళమన్నట్టు కూడా తల ఊపలేదు, ఊరికే చూస్తున్నాడు. తట్టేదాకా ఆగితే ఇంకో పదకొండేళ్ళు. సూదమ్మ బియ్యం తొక్కుకుంటూ వెళ్ళి తలుపు తీసింది.

తల్లి బాగా ముసలిదైపోయింది. చెయ్యి గాల్లో ఉంది, చెక్కకి జానెడు దూరంలో. కూతురి మొహం చూడలేదు. పాదాలు చూసింది. కాసేపు పాదాలతోనే మాట్లాడేట్టు నిలబడి, ఆనక కోపంగా అంది, "నా కూతురి నడక ఆ టీవీ పిల్లకెందుకిచ్చారు?"

నోట్లో సూది ఉందని పేరుపడ్డ మనిషికి మాట రాలేదు. వెనక నుంచి మాస్టారే, "తప్పు నాది అత్తయ్యగారూ" అన్నాడు.

ఆవిడ అతని వంక ఒకసారి చూసి, మళ్ళీ కూతురి వైపు తిరిగింది. నాలుగు నెలలుగా వింటున్నానంది. మొదట్లో చెవి చెడిందనుకుందట. తర్వాత కడుపు మండిపోయిందట. ఎవరి కడుపునో పుట్టిన పిల్లకి నా బిడ్డ కాలు ఎక్కడిది, అది టింగురంగామని తిరుగుతుంటే నేను కూర్చుని వినాలా అని టీవీ కట్టేసేదట. కట్టేసి, ఆ అడుగు వినకుండా ఉండలేక మళ్ళీ పెట్టుకునేదట. "మొన్న గుమ్మం ముందు ఆగింది చూడు, అప్పుడు తెలిసింది, అది నువ్వేనని" అంది. "ఆ రోజు గడియ మీద చెయ్యేసుకుని నిలబడ్డానే. తడతావని."

"నువ్వు తీస్తావని నేను" అంది సూదమ్మ.

ఇద్దరూ అక్కడే నిలబడి, ఎవరి ఏడుపు వాళ్ళు ఏడ్చారు. మాస్టారు కుర్చీ ఖాళీ చేసి, బియ్యం ఎత్తే పని పెట్టుకున్నాడు. తల్లి లోపలికి వచ్చి, ఎవరి జట్టు ఇల్లో మరిచిపోయి ఆ కుర్చీలో కూలబడింది. తాళాల గుత్తి తీసి ఒళ్ళో పెట్టుకుంది. చప్పుడు చెయ్యకుండా వాటిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"కిందకి వెళ్ళు" అంది. "కింది మెట్టు దగ్గర నుంచి మళ్ళీ రా. ఈసారి ఆగకుండా రా."

సూదమ్మ కళ్ళు తుడుచుకుని, కుట్లు ఊడిన చెప్పులు అలాగే వదిలేసి, వట్టి కాళ్ళతో కిందకి దిగింది. కింది మెట్టు దగ్గర నిలబడి పైకి చూసింది. తలుపు తీసే ఉంది. ఎక్కడం మొదలుపెట్టింది. కుడికాలు గట్టిగా, ఎడమది ఆలస్యంగా. పైన కుర్చీలో తల్లి కళ్ళు మూసుకుని వింటోంది. చివరి మెట్టు మీద అలవాటు ప్రకారం రెండు పాదాలూ కలిశాయి. అక్కడి నుంచి గుమ్మం దాకా మూడడుగులు. సూదమ్మ మూడూ వేసి, నాలుగోది లోపల వేసింది.

తల్లి కళ్ళు తెరవలేదు. "వచ్చావటే" అంది.